టీఎస్‌హెచ్ రిపోర్టు చదవడం నుంచి థైరాక్సిన్ మాత్ర వేసుకోవడం దాకా: హైపోథైరాయిడ్‌కు సమగ్ర మార్గదర్శి

విజయవాడ సూర్యారావుపేటలో ఇచ్చినా, గుంటూరు కొత్తపేటలో ఇచ్చినా థైరాయిడ్ రిపోర్టు ఒక్క పేజీనే. మూడు అంకెలు, వాటి పక్కన నార్మల్ రేంజి, రేంజి దాటిన అంకె దగ్గర నల్లటి గుర్తు. ఆ గుర్తు చూసి ‘థైరాయిడ్ వచ్చేసింది’ అని కంగారుపడి పక్కింటావిడ వాడే మాత్రే తెచ్చుకునేవాళ్లున్నారు. ఏళ్ల తరబడి వాడుతూ, అంకె కొంచెం పెరగగానే సొంతంగా డోసు 25 మైక్రోగ్రాములు పెంచేసుకునేవాళ్లూ ఉన్నారు. అంకె ఎందుకు మారిందో తేలకుండా మందు మొదలుపెట్టకూడదు, డోసు మార్చకూడదు. చాలాసార్లు మారింది జబ్బు కాదు, మాత్ర వేసుకునే పద్ధతి. అందుకే ఈ మార్గదర్శిలో డోసు గురించి చెప్పిందాని కంటే పద్ధతి గురించి చెప్పిందే ఎక్కువ.

మొదటి మెట్టు: ఏ పరీక్ష, ఏ రోజున

హెల్త్ ప్యాకేజీల్లో సాధారణంగా ఉండేవి టోటల్ టీ3, టోటల్ టీ4, టీఎస్‌హెచ్. టీ3, టీ4 మెడ ముందుండే థైరాయిడ్ గ్రంథి చేసే హార్మోన్లు, టీఎస్‌హెచ్ ఆ గ్రంథికి అందే ఆజ్ఞ. హైపోథైరాయిడ్ (గ్రంథి హార్మోన్ తక్కువగా చేయడం) ఉందో లేదో తేల్చడానికి నిజంగా కావలసినవి రెండు: టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4. రక్తంలో ఉన్న టీ4లో 99 శాతానికి పైగా ప్రోటీన్లకు అతుక్కునే ఉంటుంది. ఒంట్లో పనిచేసేది విడిగా తిరిగే ఆ మిగతా పిసరంతే, దాన్నే ఫ్రీ టీ4 అంటారు. గర్భంతో ఉన్నప్పుడు, గర్భనిరోధక మాత్రలు వాడుతున్నప్పుడు ఆ ప్రోటీన్లు పెరిగి టోటల్ టీ4 ఎక్కువగా కనిపిస్తుంది, గ్రంథి పనితీరులో తేడా లేకపోయినా. ఇక టీ3 సంగతి: హైపోథైరాయిడ్‌లో అది చివరిదాకా నార్మల్‌గానే ఉంటుంది కాబట్టి ‘టీ3 నార్మల్‌గా ఉంది, ఏం ఫర్వాలేదు’ అనుకోవడానికి లేదు.

యాంటీ టీపీఓ అనే యాంటీబాడీ పరీక్ష ఒక్కసారి చేయించుకుంటే చాలు. పాజిటివ్ వస్తే సొంత రోగనిరోధక వ్యవస్థే గ్రంథిని దెబ్బతీస్తోందని అర్థం. 1912లో జపాన్ వైద్యుడు హకారు హషిమోటో వర్ణించిన జబ్బు ఇదే, అందుకే హషిమోటో థైరాయిడైటిస్ అంటారు. ఆ అంకె 300 నుంచి 600 అయినా, 600 నుంచి 200 అయినా చికిత్స మారదు. ఏటా దాని మీద డబ్బు పెట్టనక్కర్లేదు. స్కానింగ్ కూడా అంతే: మెడలో గడ్డ తగిలితేనో, గొంతు ముందు వాపు కనిపిస్తేనో తప్ప అవసరం లేదు.

రక్తం ఇచ్చే రోజు విషయంలో నాలుగు జాగ్రత్తలున్నాయి.

జ్వరంతో పడుకున్నప్పుడు, డెంగీతోనో ఆపరేషన్‌తోనో ఆసుపత్రిలో ఉన్నప్పుడు థైరాయిడ్ పరీక్ష వద్దు, డాక్టరు ప్రత్యేకంగా అడిగితే తప్ప. పెద్ద జబ్బులో టీఎస్‌హెచ్ తగ్గుతుంది, కోలుకునేటప్పుడు కొన్నాళ్లు పెరుగుతుంది, ఒక్కోసారి 10 కూడా దాటుతుంది. కోలుకున్నాక ఆరు వారాలు ఆగి చేయించుకుంటే అసలు సంగతి తెలుస్తుంది.

టీఎస్‌హెచ్ అర్ధరాత్రి దాటాక ఎక్కువగా, మధ్యాహ్నం తక్కువగా ఉంటుంది. ఒకసారి పొద్దున్న ఏడింటికి, ఇంకోసారి సాయంత్రం నాలుగింటికి ఇచ్చి రెండు అంకెలనూ పోల్చకూడదు. పరగడుపున ఉండి తీరాలనే నియమం లేదుగానీ ప్రతిసారీ పొద్దున్న ఏడు, తొమ్మిది మధ్య, అదే ల్యాబ్‌లో ఇవ్వడం అలవాటు చేసుకోండి. ల్యాబ్ మారితే యంత్రం మారుతుంది, అంకె కొంచెం మారుతుంది.

ఇప్పటికే థైరాక్సిన్ (టీ4 లోటు తీర్చే మాత్ర) వాడుతున్నవాళ్లు ఆ రోజు మాత్రను రక్తం ఇచ్చిన తర్వాతే వేసుకోవాలి. మాత్ర వేసుకున్న రెండు నుంచి నాలుగు గంటల్లో ఫ్రీ టీ4 బాగా పైకి వెళ్తుంది. ఆ సమయంలో తీసిన రక్తంలో అది ఎక్కువగా కనబడితే డోసు ఎక్కువైందని పొరబడే ప్రమాదం ఉంది.

నాలుగోది చాలామందికి తెలియనిది, బయోటిన్ అనే విటమిన్. జుట్టు రాలుతోందని వాడే మాత్రల్లో 5 నుంచి 10 మిల్లీగ్రాముల బయోటిన్ ఉంటుంది. కొన్ని రకాల యంత్రాల్లో ఇది పరీక్షనే తప్పుదారి పట్టిస్తుంది: టీఎస్‌హెచ్ లేనంత తక్కువగా, ఫ్రీ టీ4 లేనంత ఎక్కువగా చూపిస్తుంది. హైపోథైరాయిడ్ వల్ల జుట్టు రాలుతున్న మనిషికి హైపర్ థైరాయిడ్ (గ్రంథి అతిగా పనిచేయడం) ఉన్నట్టు రిపోర్టు వస్తుందన్నమాట. పరీక్షకు కనీసం రెండు, మూడు రోజుల ముందు బయోటిన్ ఆపండి. ఏ మందులు వాడుతున్నారో రాసిన చీటీ కూడా డాక్టరుకు చూపించండి. స్టెరాయిడ్లు, లిథియం, గుండె లయ కోసం ఇచ్చే అమియోడరోన్ లాంటివి ఈ అంకెలను కదిలిస్తాయి.

రెండో మెట్టు: అంకెలను జంటగా చదవడం

టీఎస్‌హెచ్ థైరాయిడ్ గ్రంథి నుంచి రాదు. అది మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి పంపే ఆజ్ఞ. పనివాడు మందగించేకొద్దీ మేస్త్రీ గొంతు పెంచినట్టు, థైరాయిడ్ గ్రంథి టీ4 తక్కువ చేసేకొద్దీ పిట్యూటరీ టీఎస్‌హెచ్ పెంచుతుంది. అందుకే హైపోథైరాయిడ్‌లో టీఎస్‌హెచ్ ‘ఎక్కువ’. ఈ పెరుగుదల కూడా సమానంగా ఉండదు: ఫ్రీ టీ4 సగానికి పడిపోతే టీఎస్‌హెచ్ సుమారు వంద రెట్లు పెరుగుతుంది. గ్రంథిలో చిన్న లోపాన్ని కూడా ముందుగా పట్టిచ్చేది అదే. దీని అర్థం ఇంకోటుంది. టీఎస్‌హెచ్ 4 నుంచి 8 అయిందంటే జబ్బు రెట్టింపైనట్టు కాదు, టీ4లో వచ్చిన తేడా స్వల్పమే.

పెద్దవాళ్లలో టీఎస్‌హెచ్ సాధారణ పరిధి సుమారు 0.4 నుంచి 4 దాకా, ఫ్రీ టీ4 డెసీలీటరుకు సుమారు 0.8 నుంచి 1.8 నానోగ్రాముల దాకా. మీ రిపోర్టులో ముద్రించిన రేంజినే లెక్కలోకి తీసుకోండి. టీఎస్‌హెచ్‌ను ఒక ల్యాబ్ ఎంఎల్‌కు మైక్రో యూనిట్లలో, ఇంకో ల్యాబ్ లీటరుకు మిల్లీ యూనిట్లలో రాస్తుంది. రెండూ ఒకటే, మార్చి లెక్కకట్టనక్కర్లేదు. ఫ్రీ టీ4 మాత్రం అలా కాదు. నానోగ్రాముల్లో 1 అంటే పీకోమోల్స్‌లో దాదాపు 12.9. నిరుడు 1.1 ఉన్నది ఈ ఏడు 14 అయిందని భయపడేముందు పక్కన యూనిట్ చూడండి.

ఇప్పుడు జంటలు.

టీఎస్‌హెచ్ 48, ఫ్రీ టీ4 0.4: స్పష్టమైన హైపోథైరాయిడ్. ఇందులో సందేహం లేదు, చికిత్స మొదలుపెట్టాలి.

టీఎస్‌హెచ్ 7.2, ఫ్రీ టీ4 1.1: సబ్‌క్లినికల్ హైపోథైరాయిడ్. గ్రంథి కొంచెం కష్టపడుతోంది, కానీ ఒంటికి కావలసింది అందిస్తోంది. తొందరపడి మందు మొదలుపెట్టేది ఎక్కువగా ఇక్కడే.

టీఎస్‌హెచ్ 2, ఫ్రీ టీ4 0.5: టీఎస్‌హెచ్ పక్కన ఏ గుర్తూ ఉండదు, అందుకే దీన్ని దాటేస్తారు. లోపం పిట్యూటరీలో ఉండొచ్చు. కాన్పులో విపరీతంగా రక్తం పోయి, తర్వాత పాలు పడక, నెలసరి తిరిగి రాక, నీరసంతో కుంగిపోతున్న స్త్రీలో ఇలాంటి రిపోర్టు వస్తే షీహాన్ సిండ్రోమ్ (కాన్పులో రక్తం పోయి పిట్యూటరీ దెబ్బతినడం) గుర్తుకు రావాలి. ఇలాంటివాళ్లకు ముందు కార్టిజాల్ (అడ్రినల్ గ్రంథుల హార్మోన్) పరీక్ష చేసి, అది తక్కువగా ఉంటే దాన్ని సరిచేశాకే థైరాక్సిన్ ఇవ్వాలి. వరస తప్పితే ప్రాణం మీదికి వస్తుంది. ఈ రిపోర్టు చేతికొస్తే ఎండోక్రైనాలజిస్టును (హార్మోన్ల డాక్టరును) చూడకుండా మాత్ర వేయొద్దు. వీళ్లలో డోసు సరిచూసేది కూడా ఫ్రీ టీ4తోనే, టీఎస్‌హెచ్‌తో కాదు.

మాత్రలు వాడుతున్న మనిషిలో టీఎస్‌హెచ్ 14, ఫ్రీ టీ4 1.7: పొంతన లేని అంకెలివి. నెల రోజులు మాత్రలు సరిగా వేసుకోక, పరీక్ష ఉందని గుర్తొచ్చి చివరి వారం మాత్రం వరసగా వేసుకుంటే ఇలాగే వస్తుంది. ఫ్రీ టీ4 కొద్ది రోజుల్లో లేస్తుంది, టీఎస్‌హెచ్ దిగడానికి వారాలు పడుతుంది. డాక్టరుకు నిజం చెప్పండి. లేకపోతే అనవసరంగా డోసు పెరుగుతుంది.

మాత్రలు వాడుతున్న మనిషిలో టీఎస్‌హెచ్ 0.05: డోసు ఎక్కువైంది, లేదా బయోటిన్ తప్పు చూపిస్తోంది. థైరాయిడ్ క్యాన్సర్‌కు ఆపరేషన్ అయినవాళ్లలో కొందరికి టీఎస్‌హెచ్‌ను కావాలనే తక్కువగా ఉంచుతారు, వాళ్లు ఈ మార్గదర్శిలోని లక్ష్యాలను తమకు అన్వయించుకోకూడదు.

మూడో మెట్టు: మందు ఎవరికి వెంటనే, ఎవరికి ఆగి చూసి

స్పష్టమైన హైపోథైరాయిడ్‌కు వెంటనే. టీఎస్‌హెచ్ 10 దాటి, మళ్లీ చేసినా అలాగే ఉంటే ఫ్రీ టీ4 నార్మల్‌గా ఉన్నా సాధారణంగా మందు ఇస్తారు.

5కీ 10కీ మధ్య ఉన్నవాళ్లు రెండు, మూడు నెలలు ఆగి మళ్లీ చేయించుకోవాలి. చాలామందిలో రెండోసారికి అంకె దానంతటదే దిగుతుంది. దిగకపోతే అప్పుడు మిగతా సంగతులు చూస్తారు: గర్భం కోసం ప్రయత్నిస్తున్నారా, లక్షణాలు గట్టిగా ఉన్నాయా, కొలెస్ట్రాల్ పెరిగిందా, యాంటీ టీపీఓ పాజిటివా. ఇంగ్లండ్‌లోని విక్‌హామ్ ప్రాంతంలో ప్రజలను 20 ఏళ్లు గమనించినప్పుడు, టీఎస్‌హెచ్ పెరిగి యాంటీబాడీలు కూడా ఉన్న స్త్రీలలో ఏడాదికి 100 మందిలో సుమారు నలుగురు పూర్తి హైపోథైరాయిడ్‌లోకి వెళ్లారు. యాంటీబాడీలు లేకుండా టీఎస్‌హెచ్ మాత్రమే పెరిగినవాళ్లలో ఇద్దరు, ముగ్గురు. అంటే యాంటీబాడీలున్నా ఒక ఏడాదిలో ఎక్కువమందికి ఏమీ కాదు, ఏటా చూసుకుంటే చాలు.

పెద్ద వయసువాళ్ల గురించి గట్టిగా చెప్పాలి. 70 దాటాక టీఎస్‌హెచ్ కొంచెం ఎక్కువగా ఉండటం వయసు సహజం, మందు వాడుతున్నవాళ్లకు కూడా 4 నుంచి 6 దాకా తగిన లక్ష్యమే. 65 దాటిన 737 మందితో చేసి 2017లో ప్రచురించిన ట్రస్ట్ అనే అధ్యయనంలో సబ్‌క్లినికల్ హైపోథైరాయిడ్‌కు థైరాక్సిన్ ఇచ్చినా అలసటగానీ ఇతర లక్షణాలుగానీ తగ్గలేదు. ఇంట్లో పెద్దావిడకు టీఎస్‌హెచ్ 6.5 వచ్చిందని, ఆవిడ హాయిగానే తిరుగుతున్నా మందు పెట్టించడం ఆవిడకు మేలు చేయదు. గుండెకూ ఎముకలకూ చేటు చేసే అవకాశమే ఎక్కువ.

నాలుగో మెట్టు: డోసు

మందు లెవోథైరాక్సిన్. థైరోనార్మ్, ఎల్ట్రాక్సిన్, థైరాక్స్, పేరేదైనా లోపల ఉన్నది అదే. గ్రంథి దాదాపు పూర్తిగా పనిచేయని ఆరోగ్యవంతుడైన పెద్ద మనిషికి పూర్తి డోసు కిలోకు రోజుకు సుమారు 1.6 మైక్రోగ్రాములు. 55 కిలోల మనిషికి 88, 62 కిలోల మనిషికి దాదాపు 100. చిన్న వయసులో, గుండె బాగున్నవాళ్లకు దీనికి దగ్గరగానే మొదలుపెట్టొచ్చు, కొందరు డాక్టర్లు 50తో మొదలుపెట్టి పెంచుతారు. సబ్‌క్లినికల్‌కు 25 నుంచి 50 సరిపోతుంది. గుండెజబ్బు ఉన్నవాళ్లకు, బాగా పెద్దవాళ్లకు 12.5 లేదా 25తో మొదలుపెట్టి నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి కొంచెం కొంచెంగా పెంచాలి. ఒక్కసారిగా ఎక్కువ ఇస్తే గుండె వేగం పెరిగి ఛాతీనొప్పి రావచ్చు.

మందుల షాపులో ఒక నిమిషం ఆగి సీసా మీది అంకె చదవండి. ఈ మందు 12.5లోనూ దొరుకుతుంది, 125లోనూ దొరుకుతుంది. చీటీ మీద చుక్క సరిగా పడకపోతే పది రెట్ల తేడా. 25 బదులు 125 ఇవ్వడం కూడా ఇలాంటి పొరపాటే. పాత సీసా వెంట తీసుకెళ్లి అంకె, కంపెనీ పేరు రెండూ పోల్చుకుని కొనండి. జెనరిక్ వాడినా తప్పులేదు, అయితే ఏదో ఒకదానికే కట్టుబడాలి. కంపెనీ మారితే ఒంట్లోకి ఎక్కే మందు కొద్దిగా మారవచ్చు కాబట్టి ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ ఒకసారి చూసుకోవాలి.

ఐదో మెట్టు: మాత్ర వేసుకునే పద్ధతి

చికిత్స గెలిచేదీ ఓడేదీ ఇక్కడే. థైరాక్సిన్ పేగుల్లో పీల్చుకోబడేది పరగడుపున కూడా 70, 80 శాతమే. దానికి కాఫీనో పాలో తోడైతే ఇంకా పడిపోతుంది.

నియమం ఇది: లేవగానే, పరగడుపున, ఒక గ్లాసు మంచినీళ్లతో. తర్వాత గంట దాకా కాఫీ, టీ, పాలు, టిఫిన్ ఏవీ వద్దు. గంట కుదరకపోతే కనీసం అరగంట. లేవగానే చేతిలో ఫిల్టర్ కాఫీ ఉండాల్సిన ఇళ్లలో ఈ గంటే పెద్ద పరీక్ష. రాత్రి పడుకునేముందు మంచం పక్కన ఒక మాత్ర, మూత పెట్టిన నీళ్ల గ్లాసు ఉంచుకోండి. తెల్లవారుజామున నాలుగింటికో ఐదింటికో బాత్రూంకి లేచినప్పుడు వేసుకుని మళ్లీ పడుకోండి. ఆరింటికి కాఫీ తాగేసరికి గంట ఎప్పుడో దాటిపోతుంది. పొద్దున్నే రాగిజావ తాగే అలవాటున్నవాళ్లు కూడా ఆ గంట ఆగాల్సిందే, రాగుల్లో కాల్షియం, పీచు రెండూ ఎక్కువ.

పొద్దున్న అసలు కుదరనివాళ్లు రాత్రి పడుకునేముందు వేసుకోవచ్చు, భోజనమై మూడు గంటలు దాటితే. తొమ్మిదిన్నరకు తిని పదిన్నరకు పడుకునేవాళ్లకు ఇది పనికిరాదు. పడుకునేముందు పాలు తాగేవాళ్లకూ అంతే. రంజాన్ నెలలో సహరీకి గంట ముందు లేవగలిగితే అప్పుడు, లేకపోతే ఇఫ్తార్ భోజనమైన మూడు గంటల తర్వాత వేసుకోవచ్చు. ఉపవాసాల పేరుతో మాత్ర మానకండి.

కాల్షియం, ఐరన్ మాత్రలకూ దీనికీ మధ్య నాలుగు గంటలు ఉండాలి. అవి పేగులో థైరాక్సిన్‌ను పట్టేసి లోపలికి పోనివ్వవు. మల్టీ విటమిన్ మాత్రల్లోనూ ఐరన్, కాల్షియం ఉంటాయని మర్చిపోవద్దు. పుల్లటి త్రేన్పులకు తాగే యాంటాసిడ్ సిరప్‌లకూ ఇదే లెక్క.

గ్యాస్ మాత్ర సంగతి వేరు. పాంటప్రజోల్, ఒమెప్రజోల్ కూడా ‘పరగడుపున’ అనే చెబుతారు కాబట్టి రెండూ కలిపి వేసేసుకుంటారు. అవి కడుపులో ఆమ్లాన్ని రోజంతా తగ్గిస్తాయి, థైరాక్సిన్ కరగడానికి ఆ ఆమ్లం కావాలి. అందువల్ల ముందూ వెనకా వేసుకున్నంత మాత్రాన సమస్య పూర్తిగా తీరదు. ఏళ్లుగా అలవాటుగా మింగుతున్న గ్యాస్ మాత్ర ఇంకా అవసరమా అని డాక్టరును అడగండి. తప్పనిసరైతే మొదలుపెట్టిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ చూసుకోండి. ఫిట్స్‌కు వాడే ఫెనిటోయిన్, కార్బమజెపైన్, టీబీకి వాడే రిఫాంపిసిన్ మొదలైనా అంతే, ఇవి థైరాక్సిన్‌ను త్వరగా ఖర్చు చేసేస్తాయి. రక్తం పలచబడే వార్ఫరిన్, ఎసిట్రోమ్ లాంటివి వాడేవాళ్లలో థైరాక్సిన్ డోసు పెరిగితే ఆ మందు పనితీరు పెరుగుతుంది, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చూపే పరీక్ష) మళ్లీ చూడాలి.

నిల్వ విషయం చిన్నదిగా కనిపిస్తుంది, కానీ విజయవాడ మే నెల ఎండలో చిన్నది కాదు. వేడి, వెలుతురు, తేమ ఈ మందును పాడుచేస్తాయి. సీసా మీద ఎంత ఉష్ణోగ్రత లోపల ఉంచాలో రాసి ఉంటుంది. పొయ్యి పక్క గూట్లో, కిటికీ అంచున, టీవీ మీద, కారు డాష్‌బోర్డులో పెట్టొద్దు. ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గదిలో, బీరువా లోపల పెట్టండి. వారానికి సరిపడా ప్లాస్టిక్ డబ్బాలో సర్దుకోవడం కంటే సొంత సీసాలోనే, లోపలున్న తేమ పీల్చే పొట్లంతో సహా ఉంచి, తీసిన వెంటనే మూత బిగించడం మేలు.

ఒకరోజు మర్చిపోతే? ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే సుమారు ఏడు రోజులు పడుతుంది, కాబట్టి ఒకరోజుకు ఏమీ కాదు. అదే రోజు కడుపు ఖాళీగా ఉన్నప్పుడు గుర్తొస్తే వేసేసుకోండి. మర్నాడు రెండు వేసుకోవచ్చా అన్నది మీ డాక్టరును ముందే అడిగి పెట్టుకోండి, గుండెజబ్బు ఉన్నవాళ్లు, పెద్దవాళ్లు మాత్రం అలా చేయకూడదు.

ఆరో మెట్టు: ఆరు వారాల తర్వాత

డోసు మొదలుపెట్టినా, మార్చినా ఆరు నుంచి ఎనిమిది వారాలకే పరీక్ష. అంతకు ముందు చేయిస్తే సగంలో ఉన్న అంకె కనిపిస్తుంది, దాన్ని చూసి డోసు మారిస్తే మళ్లీ అటుపోయి ఇటుపోయి ఏడాదంతా ఊగిసలాటే. రెండు, మూడు వారాలకు నీరసం తగ్గడం మొదలవుతుంది, మలబద్ధకం, ముఖం ఉబ్బు తర్వాత తగ్గుతాయి, జుట్టుకూ చర్మానికీ మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. లక్ష్యం చేరాక ఆరు నెలలకొకసారి, తర్వాత ఏడాదికొకసారి చూసుకుంటే చాలు. 3.1 ఒకసారి, 4.2 ఇంకోసారి రావడం సహజం, దానికి డోసు కదపనక్కర్లేదు.

అంకె బాగున్నాక మాత్ర ఆపొచ్చా అని దాదాపు అందరూ అడుగుతారు. అంకె బాగున్నది మాత్ర వల్లే. హషిమోటో వల్ల, ఆపరేషన్ వల్ల, రేడియో అయోడిన్ వల్ల వచ్చిన హైపోథైరాయిడ్ సాధారణంగా జీవితాంతం ఉంటుంది. కాన్పు తర్వాత వచ్చే థైరాయిడైటిస్, వైరల్ జ్వరం తర్వాత మెడనొప్పితో వచ్చేది చాలామందిలో తగ్గిపోతుంది. సబ్‌క్లినికల్‌కు మొదలుపెట్టినవాళ్లలోనూ కొందరికి మందు అవసరం లేకపోవచ్చు. ఆపి చూడటం డాక్టరు చెప్పి, ఆరు వారాలకు పరీక్షతో చేయాల్సిన పని.

బరువుకు తగ్గ డోసు దాటినా టీఎస్‌హెచ్ దిగకపోతే ఇంకా పెంచేముందు వెతకాల్సినవి వరసగా: మాత్రలు మానేస్తున్నారా (సీసాలో మిగిలినవి లెక్కపెడితే తెలుస్తుంది), కాఫీ గంటలోపే తాగుతున్నారా, కాల్షియం, ఐరన్, గ్యాస్ మాత్రలు ఉన్నాయా, సీసా ఎండలో ఉందా. ఇవన్నీ సరిగా ఉంటే అప్పుడు సీలియాక్ జబ్బు (గోధుమలోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినడం), కడుపులో హెచ్ పైలోరీ ఇన్ఫెక్షన్ లాంటివి చూస్తారు.

దీనికి తిరగేసినది: టీఎస్‌హెచ్ నార్మల్‌కు వచ్చినా కొందరికి నీరసం పోదు. అప్పుడు హిమోగ్లోబిన్, బీ12, షుగర్ చూడాలి. హషిమోటో ఉన్నవాళ్లలో బీ12 లోపం ఎక్కువ. గురక, నిద్రలేమి, మనసు కుంగిపోవడం కూడా అడిగి తెలుసుకోవాలి. నీరసం పోవడం లేదని డోసు పెంచుకుంటూ పోతే టీఎస్‌హెచ్ 0.1 కంటే పడిపోయి గుండె లయ తప్పుతుంది, నెలసరి ఆగిన స్త్రీలలో ఎముకలు గుల్లబారతాయి. బరువు తగ్గడానికి ఎక్కువ వేసుకోవడం మరీ ప్రమాదం. హైపోథైరాయిడ్ వల్ల పెరిగే బరువు సాధారణంగా రెండు నుంచి ఐదు కిలోలు, అందులో చాలావరకు ఉప్పూ నీరే. మిగతా 15 కిలోలకు థైరాయిడ్ కారణం కాదు.

కొలెస్ట్రాల్ గురించి ఒక మాట. హైపోథైరాయిడ్‌లో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) పెరుగుతుంది, థైరాక్సిన్‌తో చాలామందిలో తగ్గుతుంది. గుండెజబ్బు లేనివాళ్లలో టీఎస్‌హెచ్ సరిపడ్డాక కొలెస్ట్రాల్ మళ్లీ చూసి, అప్పుడు స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు) గురించి నిర్ణయించుకోవడం మంచిది. సరిపడని హైపోథైరాయిడ్‌లో స్టాటిన్ మొదలుపెడితే కండరాల నొప్పులు ఎక్కువ.

తిండి, ఉప్పు

క్యాబేజీ, కాలీఫ్లవర్ వండుకుని మామూలుగా తింటే ఇబ్బంది లేదు. మీల్ మేకర్, సోయా పాలు మాత్రకు దూరంగా ఉంచుకోవాలి. మన దేశంలో అయోడిన్ కలపని ఉప్పును తినడానికి అమ్మడం 2006 నుంచి నిషిద్ధం, మన ఇంటికి చేరేసరికి ఉప్పులో కనీసం 15 పీపీఎం అయోడిన్ ఉండాలి. సైంధవ లవణం మంచిదని ఇల్లంతా దానికే మారిపోతే ఆ అయోడిన్ అందదు, ముఖ్యంగా గర్భిణులు అలా చేయకూడదు. అలాగని అయోడిన్ మాత్రలు, సముద్రపు నాచు పొడులు వాడితే హషిమోటో ఉన్నవాళ్లకు కీడే.

గర్భంతో ఉన్నప్పుడు

ఇక్కడ వారాలు కాదు, రోజులు లెక్క. మొదటి మూడు నెలలూ బిడ్డ మెదడుకు కావలసిన టీ4 తల్లి నుంచే వెళ్లాలి. ఇప్పటికే మాత్ర వాడుతున్నవాళ్లు గర్భం కోసం ప్రయత్నించేముందే టీఎస్‌హెచ్‌ను 2.5 లోపుకు తెచ్చుకోవాలి. నెల తప్పి ఇంట్లో చేసుకున్న పరీక్షలో గర్భం అని తేలగానే అదే రోజు డాక్టరుకు ఫోన్ చేయండి. సాధారణంగా వారానికి రెండు మాత్రలు అదనంగా, అంటే ఏడుకు బదులు తొమ్మిది వేసుకోమంటారు. దీంతో డోసు సుమారు 30 శాతం పెరుగుతుంది. స్కాన్ దాకా ఆగుదాం అనుకోవద్దు. మందు బిడ్డకు చేటు చేస్తుందని మానేయడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. థైరాక్సిన్ బిడ్డకు హాని చేయదు, అది లేకపోవడమే హాని.

సగం నెలలు నిండేదాకా నాలుగు వారాలకొకసారి, తర్వాత 30 వారాల దగ్గర మరోసారి టీఎస్‌హెచ్ చూస్తారు. ప్రభుత్వాసుపత్రిలోగానీ ప్రైవేటులోగానీ నాలుగో నెల నుంచి ఐరన్, కాల్షియం మాత్రలు ఇస్తారు, అంతవరకు నిలకడగా ఉన్న టీఎస్‌హెచ్ అప్పుడే పెరగడం మొదలుపెడుతుంది. మూడింటినీ ఇలా సర్దుకోవచ్చు: తెల్లవారి ఐదున్నరకు థైరాక్సిన్, పది దాటాక ఏదైనా తిని కాల్షియం, మధ్యాహ్న భోజనమయ్యాక మూడింటికి ఐరన్, రాత్రి భోజనంతో రెండో కాల్షియం. కాన్పయ్యాక డోసు పాతదానికి తగ్గించి ఆరు వారాలకు పరీక్ష చేస్తారు. పాలిచ్చేటప్పుడు మాత్ర మానక్కర్లేదు.

ఆగకూడని వేళ

చాలాకాలంగా మందు మానేసిన మనిషి మత్తుగా పడి ఉండి, పిలిస్తే సరిగా పలక్క, ఒళ్లు చల్లబడి, నాడి నెమ్మదిస్తే అది మిక్సిడీమా కోమా కావచ్చు. పెద్దవాళ్లలో జ్వరమో, న్యుమోనియానో, మత్తుమందులో తోడైనప్పుడు వస్తుంది. ఇంట్లో మాత్ర మింగించే ప్రయత్నం చేయకుండా 108కి ఫోన్ చేసి ఐసీయూ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి, థైరాయిడ్ మందు వాడేవారని ముందే చెప్పండి. మాత్ర మొదలుపెట్టాకో పెంచాకో ఛాతీనొప్పి, ఆయాసం, ఆగని గుండెదడ వచ్చినా అదే రోజు చూపించాలి.

పుట్టిన బిడ్డకు

తల్లికి థైరాయిడ్ ఉన్నా లేకపోయినా పుట్టిన ప్రతి బిడ్డకూ టీఎస్‌హెచ్ చూడాలి. పుట్టగానే అది సహజంగా ఎగబాకుతుంది కాబట్టి 48 గంటలు దాటాక మడమ నుంచి రెండు చుక్కల రక్తం తీసి చేస్తారు. డిశ్చార్జికి ముందు ఈ పరీక్ష అయిందా, రిపోర్టు ఏమొచ్చింది అని అడిగి తీసుకోండి. లోపం ఉన్న బిడ్డ మొదటి వారాల్లో మామూలుగానే కనిపిస్తుంది, కామెర్లు తగ్గకపోవడం, పాలు సరిగా తాగకపోవడం, బొడ్డు దగ్గర ఉబ్బు లాంటివి కనిపించేదాకా ఆగితే మెదడు ఎదుగుదలకు నష్టం జరిగిపోతుంది. రెండు వారాల వయసు లోపు మందు మొదలవ్వాలి. డోసు కిలోకు 10 నుంచి 15 మైక్రోగ్రాములు, పెద్దవాళ్ల లెక్క కంటే చాలా ఎక్కువ, చూసి భయపడొద్దు. మాత్రను చెంచాలో నలిపి కొద్దిగా తల్లిపాలతోనో కాచి చల్లార్చిన నీళ్లతోనో కలిపి వెంటనే తాగించాలి. పాలసీసా నిండా పాలల్లో కలపకూడదు, బిడ్డ సగం వదిలేస్తే సగం మందు పోతుంది. రేపటికని కలిపి ఉంచకూడదు. వేసిన అరగంట లోపు కక్కితే డాక్టరును అడిగి మళ్లీ ఇవ్వాలి.